తిరుగు దారికి దాచిన పెట్రోల్

కెనడాలో రెవెల్‌స్టోక్, మోంటానాలో కుక్ సిటీ, వయోమింగ్‌లో టోగటీ కనుమ. చలికాలం వచ్చిందంటే ఇలాంటి చోట్ల పొద్దున్నే ట్రక్కుల మీంచి స్నోమొబైళ్ళు దిగుతుంటాయి. రోడ్డన్నది లేని కొండల్లోకి, నడుము లోతు పొడి మంచులోకి వెళ్ళే బండ్లవి. నడిపేవాళ్ళు వాటిని స్లెడ్ అంటారు. చాలా స్లెడ్ల వెనక ఒక ఎర్ర పెట్రోల్ డబ్బా, ఒక సంచీ కట్టి ఉంటాయి. ఆ డబ్బా ఎందుకని అడిగి చూడండి. "ఇంకో లోయ దాకా వెళ్ళొచ్చు కదా" అంటారు కొందరు. "ఏదైనా జరిగితే వెనక్కి రావాలి కదా" అంటారు మరికొందరు.

డబ్బా అదే, పెట్రోల్ అదే. కానీ మొదటి జవాబు చెప్పినవాడి దగ్గర అదనపు పెట్రోల్ అనేదే లేదు. అతని ట్యాంకు కాస్త పెద్దదయింది, అంతే. ఖర్చు లెక్కలో కలిపేసుకున్న నిల్వ ఇక నిల్వ కాదు. ఈ అధ్యాయం మొత్తం ఈ ఒక్క మాట మీద నిలబడుతుంది.

సియాటిల్, డెన్వర్, సాల్ట్ లేక్ సిటీ, క్యాల్గరీలలో స్థిరపడ్డ మన తెలుగువాళ్ళకి ఈ కొండలు వారాంతంలో వెళ్ళి రాగలిగినంత దూరంలో ఉన్నాయి. అద్దె బండి మీద మొదలుపెట్టి సొంత బండి కొనాలన్న ఆలోచన దాకా వచ్చినవాళ్ళకి ఇందులోని ప్రతి సూచనా నేరుగా పనికొస్తుంది. గుల్‌మార్గ్‌లో డ్రైవరు వెనక కూర్చుని ఒక చుట్టు తిరిగి వచ్చినవాళ్ళకీ, మంచును సినిమాల్లోనే చూసినవాళ్ళకీ కూడా ఇది పనికొచ్చే చదువే. ఎంత మోసుకెళ్ళాలి, ఎక్కడ పెట్టుకోవాలి, ఎప్పుడు వెనక్కి తిరగాలి అన్న ప్రశ్నలు అందరి బతుకుల్లోనూ ఉన్నవే. కొండ మీద వాటికి సాయంత్రం లోపలే జవాబు దొరుకుతుంది, అంతే తేడా.

దక్షిణ ధ్రువం నేర్పిన పాఠం

1911లో దక్షిణ ధ్రువం కోసం పోటీపడ్డ ఇద్దరి కథ మంచులోకి వెళ్ళే ప్రతివారూ తెలుసుకోవాలి. ఇంగ్లండు నుంచి వచ్చిన రాబర్ట్ స్కాట్ మూడు మోటారు స్లెడ్జీలు వెంట తెచ్చాడు. ఇవాళ్టి స్నోమొబైల్‌కి అవి ముత్తాతలు. ఒకటి ఓడ నుంచి దించుతుండగానే మంచు పగిలి సముద్రంలో మునిగిపోయింది. మిగతా రెండూ ధ్రువ యాత్ర మొదలైన కొద్ది రోజులకే ఇంజన్లు చెడి ఆగిపోయాయి. నార్వే నుంచి వచ్చిన రోఆల్డ్ అముండ్‌సెన్ కుక్కలు లాగే బండ్లను నమ్ముకున్నాడు. 1911 డిసెంబర్ 14న అతను ధ్రువం చేరాడు. స్కాట్ 1912 జనవరి 17న చేరాడు గానీ, తిరుగు దారిలో బృందమంతా ప్రాణాలు కోల్పోయింది.

ఇద్దరూ దారి పొడుగునా ఆహారం, కిరోసిన్ దాచుకుంటూ వెళ్ళారు. అక్కడ కిరోసిన్ అంటే వంట ఒక్కటే కాదు, మంచును కరిగించి తాగే నీళ్ళు కూడా. స్కాట్ డబ్బాల మూతలకి తోలు వాషర్లు ఉండేవి. గడ్డకట్టే చలిలో అవి సరిగా బిగిసి ఉండలేదు. తిరుగు దారిలో తెరిచి చూస్తే ఉండాల్సినంత కిరోసిన్ లేదు. అముండ్‌సెన్ అంతకుముందే ఉత్తర ధ్రువ సముద్రాల్లో తిరిగి, కిరోసిన్ చిన్న సందు దొరికినా పాకుతూ బయటికి వచ్చేస్తుందని తెలుసుకున్నాడు. అందుకని తన డబ్బాలకి టంకం వేయించాడు.

నిల్వ ఉంచిన చోటులోనూ తేడా ఉంది. స్కాట్ తన ముఖ్యమైన నిల్వను 80 డిగ్రీల అక్షాంశం దగ్గర పెట్టాలనుకున్నాడు. సామాను లాగుతున్న గుర్రాలు నీరసించడంతో అంతకంటే ముందే, 79 డిగ్రీల 29 నిమిషాల దగ్గర పెట్టి వెనక్కి వచ్చాడు. 1912 మార్చిలో బృందంలో మిగిలిన ఆఖరి ముగ్గురూ మంచు తుఫానులో చిక్కుకుపోయినప్పుడు ఆ నిల్వ 11 మైళ్ళ దూరంలో ఉంది. అముండ్‌సెన్ 80, 81, 82 డిగ్రీల దగ్గర మూడు నిల్వలు పెట్టాడు. పొగమంచులో దారి కాస్త తప్పినా కనబడేలా వాటికి అటూ ఇటూ అడ్డంగా మైళ్ళ పొడుగున జెండాలు పాతించాడు.

ఈ కథ నుంచి నాలుగు ప్రశ్నలు రాసుకోండి. ఎంత తీసుకెళ్తున్నాను? అవసరమయ్యే సమయానికి అందులో ఎంత మిగిలి ఉంటుంది? అది ఎక్కడ ఉంది? ఆ క్షణంలో నా చేతికి అందుతుందా? పెట్రోల్ నుంచి పార దాకా, వెంట తీసుకెళ్ళే ప్రతి వస్తువునీ ఈ నాలుగు ప్రశ్నలూ అడగాలి.

ఎంత: మూడు భాగాల లెక్క

కొండ స్లెడ్ల ట్యాంకుల్లో దాదాపు 35 నుంచి 45 లీటర్లు పడుతుంది. చదును చేసిన దారి మీద ఆ పెట్రోల్‌తో ఎంత దూరం పోవచ్చో, లోతైన పొడి మంచులో అందులో సగమే పోవడం మామూలు. కారణాలు తెలిస్తే ఆశ్చర్యమనిపించదు. పొడి మంచులో బండి మునిగిపోకుండా తేలాలంటే కింద ఉండే రబ్బరు పట్టీ, అంటే ట్రాక్, ఆగకుండా తిరుగుతూనే ఉండాలి. ఎత్తుకి వెళ్ళేకొద్దీ గాలి పలచబడి, టర్బో లేని ఇంజను ప్రతి 300 మీటర్లకీ దాదాపు 3 శాతం బలం కోల్పోతుంది. దాంతో యాక్సిలరేటర్ ఇంకా నొక్కాల్సి వస్తుంది. కూరుకుపోయిన బండిని బయటికి లాగడానికీ, ఎవరూ నడవని మంచులో కొత్త దారి చేయడానికీ అయ్యే ఖర్చు వేరే.

కాబట్టి నీటి గుహల్లోకి దిగే ఈతగాళ్ళు గాలి సిలిండరు విషయంలో పాటించే పద్ధతినే ఇక్కడా పాటించండి. ఉన్నదాన్ని మూడు భాగాలు చేయండి. ఒక భాగం వెళ్ళడానికి, ఒక భాగం రావడానికి, మూడోది ముట్టుకోకుండా ఉంచడానికి. ట్యాంకులో 40 లీటర్లుంటే 13 లీటర్లు ఖర్చయ్యాక ఎక్కడున్నా వెనక్కి తిరగాలి. కొండల్లో ఆడుకునే సమయం కూడా ఆ 13 లీటర్లలోనే. వెనక కట్టిన డబ్బా ఈ లెక్కలోకి రానే రాదు.

వచ్చేటప్పుడు దిగడమే కదా, తక్కువ ఖర్చవుతుందని అనుకోకండి. వెళ్ళేటప్పుడు చేసిన దారిని గాలి పూడ్చేయవచ్చు. ఒకరి బండి చెడిపోతే తాడు కట్టి లాక్కురావాల్సి రావచ్చు. మూడో భాగం ఉన్నది అలాంటి సాయంత్రం కోసమే.

బృందంగా వెళ్తే ఎవరి బండి ఎక్కువ తాగుతుందో ఆ బండి లెక్కే అందరికీ లెక్క. మీ ట్యాంకులో మూడింట రెండు వంతుల కంటే ఎక్కువే ఉన్నా, ఆ బండిలో మూడో వంతు అయిపోతే అందరూ తిరగాలి.

తిరిగే గీతను కింద, బండ్లు దించే చోటే నిర్ణయించుకోవాలి. పెట్రోల్ ఇంతకి వస్తే, లేదా మధ్యాహ్నం రెండయితే, ఏది ముందైతే అప్పుడు తిరుగుదాం అని అందరూ ఒప్పుకోవాలి. పైన ఎండ కాస్తూ, ఎవరూ తాకని వాలు ఎదురుగా మెరుస్తూ, స్నేహితులు రమ్మని పిలుస్తుంటే మనసు బేరాలు మొదలుపెడుతుంది. ఆ సమయంలో కొత్తగా నిర్ణయం తీసుకోవాల్సిన పని ఉండకూడదు. పొద్దున తీసుకున్న నిర్ణయాన్ని పాటించడమే మిగలాలి.

డబ్బా: తీసుకెళ్ళే పద్ధతి

పెట్రోల్ కోసమే తయారైన డబ్బా కొనండి. పలకకి బిగించే రోటోపాక్స్ లాంటి చదును డబ్బాలున్నాయి. స్కీ-డూ వాళ్ళ లింక్, పొలారిస్ వాళ్ళ లాక్ అండ్ రైడ్ లాంటి బిగింపులు వాళ్ళ బండ్లకి సరిపోయేలా వస్తాయి. నీళ్ళ సీసాలు, నూనె క్యాన్లు ఎంత గట్టిగా కనబడినా వాడకండి.

కొన్నాక మూత రబ్బరును పరీక్షించండి. పెట్రోల్ పోసి మూత బిగించి, ఆరుబయట, నిప్పుకి దూరంగా, కాసేపు పక్కకి పడుకోబెట్టండి. మూత చుట్టూ తడి కనబడితే ఆ డబ్బా కొండకి పనికిరాదు. స్కాట్ డబ్బాల్లో జరిగినది మీ డబ్బాలో జరగకూడదు.

నింపేటప్పుడు డబ్బాను నేల మీద పెట్టండి. చలికాలపు పొడి గాలిలో, సింథటిక్ బట్టల రాపిడిలో స్థిర విద్యుత్తు పుడుతుంది. ట్రక్కు మీద ఉన్న డబ్బాలో పోస్తే చిన్న మెరుపు చాలు, అంటుకోవడానికి. అంచు దాకా నింపకండి. డబ్బా కూర్చునే టన్నెల్ (ట్రాక్ మీది కప్పు) కిందే ఇంజనును చల్లబరిచే గొట్టాలు ఉంటాయి, ఆ వేడికి పెట్రోల్ వ్యాకోచిస్తుంది. దానికి చోటు కావాలి.

ట్యాంకులో పోసేటప్పుడు ఇంజను ఆపి, వేడి తగ్గనివ్వండి. చేతికి తడవని గ్లోవ్స్ వేసుకోండి. మైనస్ 30 డిగ్రీల్లో నీళ్ళు గడ్డకడతాయి గానీ పెట్రోల్ గడ్డకట్టదు. అంత చల్లదనంతోనూ ద్రవంగానే ఉంటుంది. అది ఒంటి మీద పడితే ఆవిరవుతూ ఇంకా చల్లబరిచి, చూస్తుండగానే చర్మాన్ని గడ్డకట్టిస్తుంది.

టూ-స్ట్రోక్ బండి అయితే పెట్రోల్‌తో పాటు ఇంజను ఆయిల్ కూడా కాలుతుంది. ఒక చిన్న సీసా ఆయిల్ వెంట ఉంచుకోండి. ఒక బండిలోంచి ఇంకో బండిలోకి పెట్రోల్ తోడటానికి సైఫన్ గొట్టం ఒకటి బృందంలో ఉంటే చాలు. వీపు సంచీలో మాత్రం పెట్రోల్ ఎప్పుడూ పెట్టకండి. పడినప్పుడు డబ్బా పగిలితే ఆ పెట్రోల్ మీ ఒంటినే తడుపుతుంది.

11 లీటర్ల డబ్బా అనుకుందాం. వెనక్కి తిరిగే చోట దాన్ని ట్యాంకులో పోసేయడం మంచిది. బండి వెనక ఉన్న బరువు మధ్యకీ, కిందికీ వస్తుంది, డబ్బా ఖాళీ అవుతుంది. అయితే అసలు పరీక్ష అప్పుడే మొదలవుతుంది. ట్యాంకులో మిగిలిన 27 లీటర్లకి ఈ 11 కలిసి ముల్లు దాదాపు నిండుగా చూపిస్తుంది. నిండు ట్యాంకుని చూసి ఇంకొక్క వాలు ఎక్కొద్దామని ఎవరో ఒకరు అంటారు. ఆ మాటకి తలూపారంటే అంతదూరం మోసుకొచ్చిన భద్రత ఒక్క నిమిషంలో ఖర్చయిపోతుంది. డబ్బా మూత తీసేముందే బండిని ఇంటివైపు తిప్పి పెట్టండి.

బరువు ఎక్కడ కూర్చుంటుంది

పెట్రోల్ లీటరుకి దాదాపు ముప్పావు కిలో తూగుతుంది. 11 లీటర్లంటే 8 కిలోలు, డబ్బా బరువు వేరు. 200 కిలోల బండికి ఇదొక లెక్కా అనిపిస్తుంది. ఎంత బరువన్నదాని కంటే ఎక్కడ ఉందన్నది ముఖ్యం. గ్యాస్ సిలిండరును స్కూటరు వెనక కట్టుకుని ఎత్తు ఎక్కినవాళ్ళకి ముందు చక్రం తేలిపోయి హ్యాండిల్ మాట వినకపోవడం తెలుసు. స్లెడ్‌లోనూ అదే జరుగుతుంది. బరువు తోక చివర ఉంటే ముందున్న స్కీలు తేలిపోతాయి, ట్రాక్ వెనక భాగం మంచులోకి గుంట తవ్వుకుంటుంది, నిటారు వాలులో బండి వెనక్కి తిరగబడే ప్రమాదం పెరుగుతుంది.

అందుకని బరువైన వస్తువు సీటుకి వీలైనంత దగ్గరగా, వీలైనంత కిందికి ఉండాలి. తేలికైనవి దాని వెనక. రెండు పక్కలా సమానంగా ఉండాలి, ఎందుకంటే పొడి మంచులో బండిని పక్కకి వంచే నడుపుతారు. కట్టిన పట్టీలను పది నిమిషాలు నడిపాక ఆపి ఇంకోసారి బిగించండి. చలికి రబ్బరు బిరుసెక్కుతుంది, పొద్దున బిగుతుగా ఉన్నది కాసేపటికే వదులవుతుంది.

ఒంటి మీద ఏది, బండి మీద ఏది

2010 మార్చి 13న రెవెల్‌స్టోక్ దగ్గరి బౌల్డర్ పర్వతం మీద స్నోమొబైల్ నడిపేవాళ్ళు పెద్ద సంఖ్యలో చేరినప్పుడు పైనుంచి మంచు చరియ విరిగిపడింది. ఇద్దరు చనిపోయారు, దాదాపు ముప్పై మంది గాయపడ్డారు. మంచు చరియల ప్రమాదం ఎక్కువగా ఉందని ఆ రోజుల్లో హెచ్చరికలు ఉన్నాయి.

చరియ కింద పూడిపోయినవాళ్ళని మొదటి పది పదిహేను నిమిషాల్లో బయటికి తీస్తే చాలామంది బతుకుతారు. అరగంట దాటితే బతికేవాళ్ళు మూడో వంతుకి పడిపోతారు. అంత తక్కువ సమయంలో హెలికాప్టరు రాలేదు. పక్కనున్న స్నేహితులే వెతకాలి, తవ్వాలి. వాళ్ళ పార వాళ్ళ బండి సంచీలో ఉండి, ఆ బండి కూడా మంచు కింద ఉంటే? అందుకని ఒక సూత్రం గట్టిగా పట్టుకోండి: ప్రాణం నిలిపేవి ఒంటి మీద, బండిని నడిపించేవి బండి మీద.

ఒంటికి తగిలించుకునేది బీకన్. 457 కిలోహెర్ట్జ్ మీద సంకేతాలు పంపే ఈ పరికరం బట్టల లోపల, పట్టీతో ఛాతీకి ఉండాలి. బండ్లు దించే చోటే ఆన్ చేసి, ఒకరిది ఒకరు పరీక్షించుకోవాలి. సెల్‌ఫోన్, వేడెక్కే గ్లోవ్స్ లాంటివి దాన్ని గందరగోళపెడతాయి. వాటిని కనీసం 20 సెంటీమీటర్లు, ఎవరినైనా వెతికేటప్పుడు 50 సెంటీమీటర్లు దూరంగా ఉంచాలి. జేబులో ఉపగ్రహం ద్వారా సందేశం పంపే పరికరం, లైటరు, చిన్న కత్తి పెట్టుకోండి.

వీపు సంచీలో పార, మంచులోకి గుచ్చి వెతికే ప్రోబ్, తలకి కట్టుకునే లైటు, ఒక జత పొడి గ్లోవ్స్, ఊలు టోపీ, ప్రథమ చికిత్స సామాను, చలి నుంచి కాపాడే పల్చటి సంచీ, కాసింత తిండి, నీళ్ళు. గాలి సంచీ ఉన్న బ్యాగు కొనగలిగితే కొనండి, కానీ అది పారకి బదులు కాదు. లైటులో లిథియం బ్యాటరీలు వేయండి, చలికి తట్టుకుంటాయి. లోపలి బట్టల్లో నూలు వద్దు. చెమటకి తడిస్తే ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది.

బండి మీద పెట్రోల్ డబ్బా, ఇంకో డ్రైవ్ బెల్టు, స్పార్క్ ప్లగ్గులు, బండికి సరిపడే రెంచీలు, లాక్కువెళ్ళే తాడు, మడత రంపం, టేపు, తీగ. ఇవి పోతే బండి ఆగుతుంది. మీరు నడిచో, ఆగి ఎదురుచూసో బయటపడగలరు.

ఇవన్నీ ఉన్నాయన్న ధైర్యంతో ప్రమాదకరమైన వాలు ఎక్కకండి. ఖర్చు లెక్కలో కలిపేసుకుంటే నిల్వ కాదని పెట్రోల్ డబ్బా గురించి చెప్పిన సూత్రమే బీకన్‌కీ వర్తిస్తుంది. బయల్దేరే ముందు అవలాంచ్ కెనడా గానీ, కొలరాడో, యూటాల్లోని హెచ్చరిక కేంద్రాలు గానీ ఆ రోజుకి ఇచ్చిన సమాచారం చదవండి. వాలు మీదకి ఒక్కొక్కరే వెళ్ళండి, మిగతావాళ్ళు దాని దారిలో లేనిచోట ఆగి చూడండి.

ఏది వదిలేయాలి

భయంతో సర్దిన సంచీ కూడా ప్రమాదమే. బరువెక్కిన బండి ఎక్కువ తాగుతుంది, ఎక్కువ కూరుకుపోతుంది, నడిపే మనిషి త్వరగా అలసిపోతాడు. అలసిపోయిన మనిషి తప్పుగా ఆలోచిస్తాడు. కాబట్టి బృందంలో పంచుకోండి. పార, ప్రోబ్, బీకన్ ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి. రంపం, సైఫన్ గొట్టం, చిన్న పొయ్యి లాంటివి బృందానికి ఒకటి చాలు.

సీజను చివర సంచీ గుమ్మరించి చూడండి. వాడనివన్నీ తీసేయాలనిపిస్తుంది. తీసేముందు ఒక్కో వస్తువునీ పట్టుకుని, ఇది లేని రోజు ఏం జరుగుతుందని అడగండి. ఇబ్బంది మాత్రమే జరిగితే ఇంట్లో వదిలేయండి. రాత్రంతా మంచులో గడపాల్సి వస్తుందన్నా, ప్రాణం పోతుందన్నా, ఎన్నేళ్ళు వాడకపోయినా ఉంచండి. వాడకుండా ఇంటికి తెచ్చిన పెట్రోల్ దండగ కాదు. ఆ రోజు లెక్క సరిగ్గా వేశారని అది రుజువు.

మీ జీవితంలో ఎర్ర డబ్బా

మంచు ప్రాంతానికి ఎప్పుడూ వెళ్ళనివాళ్ళు కూడా ఈ లెక్కను తమ బతుక్కి వేసుకోవచ్చు. ఉద్యోగం పోతే ఆరు నెలలు గడవాలని దాచిన డబ్బుని, వడ్డీ తక్కువగా ఉందని ఇంటి డౌన్ పేమెంటులో కలిపేస్తాం. ఇల్లు పెద్దదవుతుంది, నిల్వ మాయమవుతుంది. పరీక్షకి ముందు పునశ్చరణకని ఉంచిన వారంలో కొత్త పాఠాలు మొదలుపెడతాం. రాత్రి నిద్రను పనికి అప్పు ఇస్తాం. ప్రతిసారీ మనం చెప్పుకునే కారణం ఒక్కటే: ఉంది కదా, వాడుకుంటే ఏం?

ఉన్నది వాడుకోవడానికే, కానీ దేనికోసం దాచామో దానికే వాడుకోవాలి. డబ్బయినా, సమయమయినా, ఓపికయినా నిల్వ పెట్టుకునేటప్పుడే అది దేనికో, ఏ పరిస్థితిలో మూత తీస్తారో రాసిపెట్టుకోండి. ఆ పరిస్థితి రానంత వరకూ ఆ నిల్వ మీ దగ్గర లేనట్టే నడవండి.

బయల్దేరేముందు చేయాల్సినవి

1. ట్యాంకును మూడు భాగాలు చేసి, ఎన్ని లీటర్లకి తిరగాలో హ్యాండిల్ మీద టేపు అంటించి రాయండి.

2. డబ్బా మూతను, పట్టీలను చేత్తో పట్టి చూడండి.

3. బండి పూర్తిగా మాయమైపోయిందనుకోండి. ఒంటి మీద, వీపు మీద ఉన్నవాటితో ఈ రాత్రి గడుస్తుందా? గడవకపోతే సంచీ మళ్ళీ సర్దండి.

4. బీకన్ల పరీక్ష పూర్తికాకుండా ఎవరూ ఇంజను స్టార్ట్ చేయకూడదు.

5. ప్రతి ప్రయాణం అయ్యాక ఎన్ని లీటర్లు పట్టింది, ఎంత దూరం వెళ్ళారు, మంచు ఎలా ఉంది అన్నవి రాసి పెట్టండి. ఒక సీజను తిరిగేసరికి మీ బండికి మీ చేత్తో రాసిన లెక్క ఉంటుంది, కంపెనీ కాగితాల కంటే అది నమ్మదగినది.

6. ఎక్కడికి వెళ్తున్నారు, ఎవరితో, ఎన్ని గంటలకి ఫోన్ చేస్తారు, ఆ గంట దాటితే ఎవరికి కబురు పెట్టాలి అన్నవి ఒక కాగితం మీద రాయండి. ఆ కాగితం ఇంట్లో ఉండే మనిషి చేతికిచ్చి, వాళ్ళు చదివి సరేనన్నాకే బండి తాళం తీసుకోండి.